తడబడు ఇంజను: దోషమును కనుగొను విధము

మోటారు కారును నడపువాడు పాదముతో యాక్సిలరేటరు పెడలును నొక్కినంతనే ఇంజను బలము చూపవలెను. అట్లు చూపక, ఒకటి రెండు సెకండ్లు ఊపిరి బిగబట్టినట్లు ఆగి, పిమ్మట ఒక్కుదుటున ముందుకు దూకు కార్లు కొన్ని కలవు. దీనినే మన మెకానిక్కులు "పికప్పు అందుటలేదు" అని చెప్పుదురు. మేమీ వ్యాసమున దీనిని తడబాటు అని పిలిచెదము. "మిస్సింగు" అనునది వేరు. అది ఇంజను ఏకరీతిగ తిరుగుచున్నప్పుడును గుండె లయ తప్పినట్లు తోచుచుండును. తడబాటన్ననో, మార్పు కోరినప్పుడు మాత్రమే కనబడును. నిలుకడగా పోవునప్పుడు ఆ కారుకంటె సాధువైనది మరియొకటి లేదు. ఈ భేదమును విద్యార్థులు మొదటనే మనస్సున నిలుపుకొనవలయును. దోషనిర్ణయమంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఇది స్వల్పమైన అసౌకర్యమని తలంపరాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ ఒకటిన్నర సెకండులో 25 మీటర్లు సాగివచ్చును. గ్రామపు బాటనుండి 16వ నంబరు జాతీయ రహదారిమీదికి ఎక్కువాడు రెండు లారీల నడుమనున్న ఖాళీని కంటితో కొలిచి పెడలు నొక్కును. కారు ఆ క్షణమున కదలనిచో, అతడు చూచిన ఖాళీ అతనికి దక్కదు.

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుని తండ్రికి ఇట్టి కారు సంప్రాప్తమైనది. హైదరాబాదులోని సమీపబంధువొకరు తాము పదునాలుగేండ్లు వాడిన పెద్దకారును స్వల్పమూల్యమునకు ఇచ్చిరి. ఆరు సిలిండర్లు, రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజను, ఆటోమేటిక్ గేరు, తోలు దిండ్లు గలది. ఆయన దానిని విలాసమునకై తీసికొనలేదు. ఆయన తల్లికి మూత్రపిండముల వ్యాధి యుండుటచే వారమునకు మూడుమార్లు గుంటూరునకు డయాలసిస్‌కై తీసికొనిపోవలసియున్నది. తిరిగివచ్చునప్పుడు ఆమె వెనుకసీటులో పడుకొనవలెను. కారు తయారుచేసిన కంపెనీ పేరును, దానిని పరీక్షించిన వర్క్‌షాపు పేరును మేము వ్రాయుటలేదు. ఇట్టి దోషము ఏ కంపెనీ కారునందైనను ముసలితనమున రావచ్చును.

ఆ వర్క్‌షాపువారు అప్పటికే స్పార్కు ప్లగ్గులు మార్చిరి, థ్రాటిలును శుభ్రపరచిరి. గుణము కనబడకపోవుటచే, థ్రాటిలు భాగమంతయు క్రొత్తది వేయవలెననియు, అరువదివేల రూపాయలకు పైబడి యగుననియు తెలిపిరి. పాత విలాసపు కార్లను కొనువారు ఈ సంగతిని ముందుగనే తెలిసికొనవలయును: కాలము గడచినకొలది కారు వెల తగ్గునేగాని, దాని విడిభాగముల వెల తగ్గదు. "మాస్టారూ, డబ్బు కట్టమంటారా, బండి అమ్మేయమంటారా?" అని ఆ తండ్రి మమ్ము అడిగెను. రెంటిలో ఏదియు ఇప్పుడే వలదని చెప్పి, మోటారు మెకానికు పని నేర్చిన మా పూర్వవిద్యార్థి నొకనిని పిలిపించితిమి.

అతడు వచ్చులోపల తడబాటునకు మూలమైన శాస్త్రమును విచారింతము.

పెట్రోలు పూర్తిగ మండుటకు, ఒక పాలు పెట్రోలునకు బరువులో 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి అంతకు మించినచో మిశ్రమము పలుచన యగును. మిక్కిలి పలుచనైనచో సిలిండరులో మంట నెమ్మదించును, లేదా అంటుకొననే అంటుకొనదు. థ్రాటిలు అనునది గాలిదారిలో అడ్డముగ నిలిచిన గుండ్రని రేకు. పెడలు నొక్కినప్పుడు అది తెరచుకొని గాలిని వదలును. పెడలుతో మనము ఇంజనునకు ఇచ్చునది పెట్రోలు గాదు, గాలి. పెట్రోలు గాలి వెంట రావలెను. తడబాటునందలి చిక్కంతయు ఆ వెంటరాకలోనే యున్నది.

గాలి తేలికయైనది గనుక రేకు తెరచినంతనే లోనికి దూకును. పెట్రోలు బరువైనది, చిమ్మబడిన దానిలో కొంత సిలిండరు చేరకముందే గాలిదారి గోడలకు తడిగా అంటుకొనును. ఎండిన పంటకాలువలో నీరు వదలినప్పుడు మొదటి నీటిని కాలువమట్టియే త్రాగును గదా! గోడలు తడిసి తృప్తిపడువరకు సిలిండరునకు చేరు పాలు తగ్గును. జర్మనీ దేశస్థుడగు విల్హెల్ము మైబాకు 1893లో సన్నని ముక్కునుండి పెట్రోలును చిమ్ము కార్బ్యురేటరును రూపొందించెను. అనంతరకాలపు కార్బ్యురేటర్లలో పెడలు నొక్కినపుడెల్ల ఒక చుక్క పెట్రోలును అదనముగ చిమ్ము చిన్న పంపు అమర్చబడినది. మన పాత అంబాసిడరు కార్లలో ఆ పంపు తోలు ఎండిపోయినచో కారు సరిగ్గా ఇట్లే తడబడెడిది. కావున ఈ జబ్బు క్రొత్తది గాదు, వైద్యుడే మారినాడు.

ఇప్పటి కార్లలో ఆ పంపుపనిని కంప్యూటరు చేయును. అది మొదట లోనికి పోవు గాలిని కొలిపించును. వేడిచేసిన సన్నని తీగె గాలిలో చల్లబడు తీరునుబట్టి ప్రవాహమును లెక్కింపవచ్చునని మాంట్రియాలులోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పనిచేసిన ఎల్. వి. కింగ్ 1914లో ఒక సూత్రమును ప్రకటించెను. ఆ సూత్రమే నేడు గాలి ఫిల్టరునకు వెనుక బొటనవ్రేలంత సెన్సారునందు పనిచేయుచున్నది. వచ్చిన గాలి బరువునుబట్టి కంప్యూటరు పెట్రోలును విడిపించును. కాలిన పిమ్మట పొగగొట్టములో నుండు ఆక్సిజన్ సెన్సారు, మిశ్రమము పలుచనయో చిక్కనయో చూచి తిరిగి వార్త పంపును. ఈ రెండవ సెన్సారు మొదట 1976లో వోల్వో కార్లలో వచ్చినది. అది పంపిన వార్తనుబట్టి కంప్యూటరు పెట్రోలును నూటికి ఇంత యని హెచ్చించును లేక తగ్గించును. ఈ సవరణను "ఫ్యూయలు ట్రిమ్ము" అందురు; స్కానరు తగిలించిన ఎవరైనను దీనిని చదువవచ్చును.

అయితే సవరణ జరుగుట తప్పు జరిగిన పిమ్మటనే. పొగ పొగగొట్టము చేరవలెను, సెన్సారు చూడవలెను, కంప్యూటరు తలంపవలెను. ఈ నడిమి కాలమంతయు ఇంజను మొదటి లెక్కనే నమ్ముకొని నడచును. మొదటి లెక్క తప్పైనచో తడబాటు అప్పుడే కలుగును. కొంచెము సేపటికి సవరణ వచ్చి, ఏమియు జరుగనట్లే కారు పరుగెత్తును.

మొదటి లెక్క తప్పుట యెట్లు? మా బోర్డింగు పిల్లలకు ఈ ఉపమానము వెంటనే బోధపడును. గేటువద్ద జవాను లోనికి వచ్చు పిల్లలను లెక్కించి వంటశాలకు చీటి పంపును. వంటవాడు ఆ చీటినిబట్టి బియ్యము పోయును. పదిమంది గోడదూకి వచ్చిరనుకొనుడు. జవాను తప్పులేదు, వంటవాని తప్పులేదు. అయినను పంక్తిలో అన్నము చాలదు. గాలిసెన్సారునకు వెనుక, థ్రాటిలునకు ముందో వెనుకనో ఎక్కడనైనను రంధ్రమున్నచో ఆ దారిని వచ్చు గాలి లెక్కకెక్కనిది. దానికి పెట్రోలు పడదు.

ఇప్పుడు కారువద్దకు వత్తము. మా పూర్వవిద్యార్థి పనిముట్ల పెట్టె తెరువకముందే, కారు ఎప్పుడు తడబడును, ఎప్పుడు తడబడదు అని విచారించెను. చలిలోనా, వేడిలోనా? ఏ.సి. వేసినపుడా? ట్యాంకు నిండుగనున్నపుడా? తండ్రి అన్నింటికిని "ఎప్పుడూ ఇంతే" అనెను. సత్యమైన సాక్ష్యము వెనుకసీటునుండి వచ్చినది. "వెనక్కి తీసేటప్పుడు బాగానే పోతుంది నాయనా. ముందుకు వెయ్యగానే మొరాయిస్తుంది. నాకు పడుకుంటే తెలుస్తుంది గదా" అని ఆ ముసలమ్మ పలికెను. ఆ మాటను మేము అప్పుడే పుస్తకమున వ్రాసికొంటిమి. వర్క్‌షాపులో ఆమెను ఎవరును అడిగియుండలేదు.

పిమ్మట స్కానరు తగిలించబడెను. అమెరికాలో 1996 నుండియు, మన దేశమున 2010, 2013 సంవత్సరములలో రెండు మెట్లుగను, కార్లలో దోషములను తామే వ్రాసికొను ఏర్పాటు చట్టముచే విధింపబడినది. దోషపు సంకేతములను చదువుటతోనే పని ముగిసినదని తలంచువారు అనేకులు. సంకేతము వ్యాధి పేరు గాదు, అది నొప్పి యున్న చోటు మాత్రమే. పీ0171 అని కనబడినచో మిశ్రమము పలుచనైనదని అర్థము. ఎందులకు పలుచనైనదో అది చెప్పదు. ఈ కారులో ఒక్క సంకేతమును లేదు. దోషము ఒక సెకండు ఉండి పోవునది గనుక కంప్యూటరు దానిని వ్రాసికొనునంతటి పట్టుదల చూపలేదు.

ఇంజను నిలకడగా తిరుగునప్పుడు సవరణ నూటికి 7 హెచ్చుగా నుండెను. నిమిషమునకు 2,500 చుట్లు తిరుగునప్పుడును అంతియే. చూచినవెంటనే గాలి దూరుచున్నదని కేకవేయుటకు ఇది చాలునా? చాలదు. నేడు మన బంకులలో అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఇథనాలు కలియుచున్నది. ఇథనాలునకు బరువులో 9 పాళ్ల గాలి చాలును. కలిపిన పెట్రోలునకు సుమారు 13.5 పాళ్లు. కావున శుద్ధమైన పెట్రోలునకై లెక్కలు వ్రాయబడిన పాతకారు, ఏ జబ్బును లేకున్నను, ఏడెనిమిది శాతము హెచ్చుగా పోసికొనవలసివచ్చును. ఈ సంగతి ఎరుగనివారు ఆరోగ్యవంతమైన ఇంజనులో కూడ రంధ్రములు వెదకుదురు.

థ్రాటిలు గదలికల పరీక్ష తరువాతిది. ఇట్టి కార్లలో పెడలునకును థ్రాటిలునకును తీగె సంబంధము లేదు; పెడలు క్రింద సెన్సారు, థ్రాటిలువద్ద చిన్న మోటారు. ప్రాణముతో కూడిన పని గనుక పెడలునకు రెండు, థ్రాటిలునకు రెండు చొప్పున సెన్సారు పట్టాలుండును. ఒకటి అబద్ధమాడినచో రెండవది పట్టియిచ్చును. మేము పెడలును మెల్లగ చివరవరకు నొక్కించి గీతలు చూచితిమి. గీతలు ఎక్కడను తెగలేదు. కంప్యూటరు కోరిన కోణమును రేకు తెరచిన కోణమును ఒకదానిపై నొకటి సరిగ్గా పడినవి. అనగా, అరువదివేలు పోసి మార్చవలెనన్న థ్రాటిలు నిర్దోషి. ఈ పరీక్షకు పట్టినది పది నిమిషములు.

పెట్రోలు పంపును గూర్చియు, కాయిళ్లను గూర్చియు కొద్దిగ చెప్పవలెను. పంపుగాని ఫిల్టరుగాని దుర్బలమైనచో, కారు ఎత్తుమీద చాలసేపు బలము కోరినప్పుడు నీరసించును. మొదటి సెకండులో తడబడి పిమ్మట పరుగెత్తదు. కాయిలు చెడినచో బరువుమీద కుదుపులు వచ్చును, మిస్సింగు సంకేతమును పడును. ఇక ఆటోమేటిక్ గేరు కొంత ఆలస్యమును తానే పుట్టించును. మెత్తదనమునకై తయారీదారులే పెడలు ఆజ్ఞను కొంత నెమ్మదింపజేయుటయు కలదు. గేరును చేతితో ఒకే మెట్టుమీద నిలిపి చూచినను మా కారు తడబడెను గావున గేరును విడిచిపెట్టితిమి.

పిమ్మట రహదారి పరీక్ష. మా పూర్వవిద్యార్థి నడుపుచుండ, మేము ప్రక్కసీటున కూర్చుండి స్కానరు గీతలను నమోదు చేసితిమి. పెడలు గీత లేచినది; థ్రాటిలు గీత దానివెంట లేచినది. కాని గాలిసెన్సారు గీత, లేవవలసిన చోట ఒక్క క్షణము క్రిందికి వంగినది! ఆ వెంటనే ఆక్సిజన్ సెన్సారు పలుచనని చెప్పినది. తడబాటు సరిగ్గా అప్పుడే కలిగినది. రేకు తెరచుకొనియుండగా సెన్సారుగుండ వచ్చు గాలి తగ్గుట యెట్లు సంభవము? గాలి వేరొక దారిని వచ్చినచోనే సంభవము. జవాను చీటిలో పిల్లలు తగ్గిరి, పంక్తిలో మాత్రము తగ్గలేదు.

పిమ్మట పాఠశాల ఆవరణలో వెనుకగేరు వేసి, అంతే బలముగ నొక్కి చూచితిమి. గీత నిటారుగ లేచినది. ముసలమ్మ చెప్పినది అక్షరాల నిజము.

దీని కారణమును పై తరగతుల విద్యార్థులు న్యూటను మూడవ సూత్రముతో తెలిసికొనవచ్చును. కారులో పొడవుగా అమర్చబడిన ఇంజను వెనుక చక్రములకు పోవు ఇరుసును ఒక దిశకు త్రిప్పునప్పుడు, తాను ఎదురుదిశకు ఒరుగును. ముందుగేరులో ఒక ప్రక్కకు, వెనుకగేరులో రెండవ ప్రక్కకు ఒరుగును. ఒరుగుడును అదుపుచేయుటకు ఇంజనుక్రింద రెండు దిండ్లుండును. మెకానిక్కులు వానిని మౌంటింగులనియు, ఫౌండేషన్లనియు అందురు. ఇంజను కదలును, గాలి ఫిల్టరు పెట్టె కదలదు. రెంటిని కలుపునది ముడతల రబ్బరు గొట్టము. ఇంజను ఒరిగినపుడెల్ల ఆ ముడతలు ఒక ప్రక్క సాగును, ఒక ప్రక్క ముడుచుకొనును. ఆ గొట్టము ముందుగేరులో సాగు ప్రక్కన చిట్లియున్నచో, ముందుకు పోవునప్పుడు చిట్లు నోరు తెరచును. వెనుకకు పోవునప్పుడు మూసికొనును.

ఇంతవరకు ఊహయే. దానిని కంటితో చూడవలెను. ఇందులకు కొందరు ఇంజనుమీద మండు స్వభావముగల ద్రవమును చల్లి, చప్పుడు మారునేమో విందురు. వేడి ఇంజనుమీద ఇట్టి పని అగ్నిప్రమాదమునకు దారితీయును. మా విద్యార్థులెవ్వరును చేయరాదు. మంచి మార్గము పొగ పరీక్ష. ఇంజనును ఆపి, నూనెను కాచి పుట్టించిన తెల్లని పొగను స్వల్పమైన ఒత్తిడితో గాలిదారిలోనికి పంపుదురు. రంధ్రమున్న చోట సాంబ్రాణి ధూపమువలె పొగ పైకి లేచును. మేమును అట్లే పంపితిమి. ఎక్కడను పొగ రాలేదు.

ఇచ్చటనే చాలమంది విచారణ విరమింతురు. పొగ రానిచో రంధ్రము లేదని తీర్పు. కాని ఆగియున్న ఇంజను ఒరుగదు. ఒరుగనిచో ముడత తెరువబడదు. కావున పొగ వచ్చుచుండగనే మా పూర్వవిద్యార్థి గొట్టమును చేతితో పట్టి, ఇంజను ఒరుగు దిశకు మెల్లగ సాగదీసెను. క్రింది ముడతలోనుండి, పైనుండి చూచువారికి కనబడని చోట, పొగ పాయగా లేచినది. గొట్టమును విప్పి చూడగా రెండు వ్రేళ్ల వెడల్పున చిట్లు కనబడెను. నిలిచియున్నప్పుడు దాని అంచులు ముద్దుపెట్టుకొన్నట్లు కలిసియుండెను.

గొట్టము మాత్రము మార్చి డబ్బు మిగిల్చుదమని తండ్రి తొందరపడెను. మా పూర్వవిద్యార్థి ఒప్పుకొనలేదు. చక్రములకు దిమ్మలు పెట్టి, బ్రేకును గట్టిగ త్రొక్కించి, ముందుగేరులో కొద్దిగ పెడలు నొక్కించి ఇంజనును ప్రక్కనుండి చూపెను. ఇంజను అరచేతి యెత్తున లేచి పడుచుండెను. విలాసపు కార్ల మౌంటింగులు ఒట్టి రబ్బరు గావు. అదురు తెలియకుండుటకు లోపల ద్రవమును నింపుదురు. ఎడమ దిండునుండి ఆ ద్రవమెల్ల కారిపోయి, క్రింద నల్లని మరక నిలిచియుండెను. గొట్టమును చింపినది ఈ దిండే. క్రొత్త గొట్టము వేసి పాత దిండు విడిచినచో, క్రొత్తదియు అదే చోట చిట్లును. ఈ పరీక్ష చేయునప్పుడు కారునకు ఎదుటగాని వెనుకగాని ఎవరును నిలువరాదని మేము బాలురను దూరముగ పంపితిమి.

గొట్టము వెల, వర్క్‌షాపువారు చెప్పిన మొత్తములో ఇరువదవ వంతైనను లేదు. రెండు మౌంటింగులును కలిపి దానికంటె ఎక్కువైనవి. అన్నియు చేరినను మూడవ వంతు దాటలేదు. పని ముగిసిన పిమ్మట అదే బాటలో, అదే మెట్టుమీద, అంతే బలముతో పెడలు నొక్కి గీతలు మరల తీసితిమి. గాలి గీత థ్రాటిలు గీతతో కూడ లేచినది. ఆక్సిజన్ సెన్సారు పలుచనని చెప్పలేదు. సవరణ మాత్రము మునుపటివలెనే 7 శాతము వద్ద నిలిచినది. అది మన బంకులోని ఇథనాలు వాటా గనుక దానిని దిద్దవలసిన పని లేదు.

చిట్లిన గొట్టమును తండ్రి మా విజ్ఞానశాలకు ఇచ్చెను. రెండవ బల్లమీది గాజుపెట్టెలో నున్నది. పదవ తరగతివారు దానిని కుడిప్రక్కకును ఎడమప్రక్కకును వంచి చూడవచ్చును. ఏ దిశకు వంచినప్పుడు వెలుతురు కనబడునో, అదియే ముందుగేరు.